జనగామ సముద్రతీరం

జనగామకు సముద్రం లేకపోవడం పరిపాలనా లోపమే తప్ప ప్రకృతి తప్పు కాదని జిల్లా సుందరీకరణ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. లోపాన్ని సవరించేందుకు, చుక్క నీరు పోయనవసరం లేకుండా, సముద్రతీరాన్ని తలపించే ప్రదర్శన తోట వేయాలని తీర్మానించింది. (సభ్యుల్లో సముద్రాన్ని చూసినవారు లేరు కనుక అభిప్రాయభేదాలు రాలేదు.)

పని దేవరుప్పుల రోడ్డు మీద నర్సరీ నడిపే తరన్నుమ్ నెత్తిన పడింది. నర్సరీ ఉన్నది సర్కారు జాగాలో. దాని ముందు వేసే ఈ తోట పాసైతే జాగా ఉంటుంది, లేకుంటే ఖాళీ చేయాలి. ఆ నర్సరీ అంటే ఆమెకు ప్రాణం.

సంఘం కార్యదర్శి ఐలేశ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, అన్నీ తీరపు మొక్కలే ఉండాలె."

"తీరొక్క మొక్కనా సార్?"

"ఆఁ, గదే. తీరపు మొక్క."

బతుకమ్మకు ఏటా తీరొక్క పువ్వు, అంటే రకానికొకటి, అమ్మే మనిషికి ఇంతకంటే తేలిక పనేముంది? తంగేడు, గునుగు, బంతి, సీతజడ, దేన్నీ వదల్లేదు. వానలకు తోట విరగబూసింది. తరన్నుమ్ సంబరానికి పట్టపగ్గాల్లేవు.

తనిఖీకొచ్చిన ఐలేశ్ తోటంతా కలియతిరిగి, "సముద్రమేదమ్మా?" అన్నాడు.

"ఏ సముద్రం సార్? తీరొక్కటి అన్నరు, తీరొక్కటి పెట్టిన."

"తీరం అన్న. సముద్రతీరం."

సరిగ్గా అప్పుడే సూర్యాపేట బస్సు దూసుకుపోయింది. ఆ గాలికి తెల్లటి గునుగంతా ఒక్కసారి వంగి లేచింది.

"గిదే సార్. గునుగు కాదు, నురుగు."

అలలు ఉన్నవని ఐలేశ్ రాసుకున్నాడు.

మర్నాటి నుంచి వ్యవస్థ కదిలింది. ఎక్స్‌ప్రెస్ బస్సులు పోయే వేళలను పోటుగా, పల్లెవెలుగు వేళలను ఆటుగా ప్రకటించారు. బస్సు రాని పూట సముద్రం ప్రశాంతంగా ఉన్నట్లు భావించాలన్నారు. ఈత రానివారు గునుగులోకి దిగరాదని బోర్డు పెట్టారు. మునిగేవారిని కాపాడేందుకు దేవ్‌సింగ్ అనే అతన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. (అతనికీ ఈత రాదు. ఇంతవరకు ఫిర్యాదులు లేవు.) పెద్దవంగర నుంచి వచ్చిన ఒక అవ్వ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు జర పైకి పట్టుకుని మరీ ఒడ్డున నిలబడింది.

తోట పాసైంది. తరన్నుమ్ వీధంతా మిఠాయి పంచింది. డబ్బా ఖాళీ కాకముందే నోటీసు వచ్చింది. తీరం ఉన్నట్లు అధికారికంగా ధ్రువపడినందున, అలలకు అంత దగ్గరలో వ్యాపారాలు ఉండరాదు కనుక, నర్సరీ ఖాళీ చేయాలి.

"పాసైతే జాగా ఉంటదన్నరు కద సార్?" నోటీసు పట్టుకుని తరన్నుమ్ ఐలేశ్‌ను అడిగింది.

"జాగా ఉంటదమ్మా. పోవాల్సింది నువ్వు."

అయితే తీరవాసుల హక్కులకు భంగం కలగరాదన్న సదుద్దేశంతో, ఆ గునుగులో చేపలు పట్టుకునేందుకు సంఘం ఆమెకు జీవితకాల అనుమతి ఇచ్చింది.