నేనన్నా ఆపొద్దు

ఆ ఉదయం కామర్స్ సీనియర్ లెక్చరర్‌గారు రెండుసార్లు గడ్డం గీసుకున్నారు.

"ఎవరి పెళ్ళికండీ?" అంది భార్య.

"పెళ్ళీ లేదు, పాడూ లేదు. ఇవాళ ప్రిన్సిపాల్ నా క్లాసూ, ఆ కొత్త మేడమ్ క్లాసూ చూస్తారట. ఎవరు బాగా చెబితే వాళ్ళకి ఫైనలియర్ క్లాసు."

"ఆవిడ మాటెత్తితే చాలు, మీ మొహం మాడిపోతుంది. ఎందుకండీ అంత కుళ్ళు?"

"కుళ్ళా, నాకా? పందొమ్మిదేళ్ళుగా ఫైనలియర్ నాది. నిన్నగాక మొన్నొచ్చిన మనిషి తన్నుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

నిజం చెప్పాలంటే అది కుళ్ళే. ఆయన నోట్సు కాగితాలు పసుపురంగుకు తిరిగి చాలా ఏళ్ళయింది. ఆయన క్లాసులో వెనక బెంచీలు గురకపెట్టేవి. మేడమ్ క్లాసుకి చోటు చాలక పిల్లలు కిటికీలు పట్టుకుని వేలాడేవారు. ఆ కిటికీల పక్కనుంచి నడవాల్సొచ్చినప్పుడల్లా ఆయనకి కడుపు మండిపోయేది.

ఆ రోజు ఇద్దరూ చెప్పాల్సిన పాఠం ఒకటే: వ్యాపారం మీద బయటి పరిస్థితుల ప్రభావం. మేడమ్ మాటలతో చెబుతుంది కదా, తను కళ్ళకు కట్టిస్తానని ఆయన పట్టుబట్టారు. విద్యార్థులు వరండాలో టీ కొట్టు పెడతారు. ఆయన మొదటి ఈలకి కాలేజీ వాచ్‌మన్ అధికారిలా వచ్చి, కొత్త రూలు పేరుతో బల్ల ఎత్తుకుపోతాడు. రెండో ఈలకి తోటమాలి పైపుతో వాన కురిపిస్తాడు. మూడో ఈలకి కాంటీన్ యజమాని ఎదురుగా పోటీ బండి పెడతాడు. ఈలకీ ఈలకీ మధ్య పావుగంట పాఠం.

ముందురోజే ముగ్గురికీ గట్టిగా చెప్పారు. "ఎవరు బతిమాలినా ఆపకండి. ఆఖరికి నేనన్నా ఆపొద్దు. బయటి పరిస్థితులు మన మాట వింటాయా?"

"వినవండి," అన్నారు ముగ్గురూ.

టీ కొట్టు బాగానే మొదలైంది. ప్రిన్సిపాల్ మాత్రం దారిలో మేడమ్ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల్నించి నవ్వులు. ప్రిన్సిపాల్ కూడా నవ్వుతున్నారు. పందొమ్మిదేళ్ళలో తన గుమ్మంలో ఆయన ఒక్కసారైనా నవ్వారా అని లెక్చరర్‌గారు ఆలోచించారు. గుర్తు రాలేదు. ఒళ్ళు మండి, ఆయన్ని ఇటు తిప్పాలని ఈల నోట్లో పెట్టుకుని వరసగా మూడుసార్లు ఊదేశారు.

వాచ్‌మన్ వచ్చి బల్ల ఎత్తాడు. ఎదురుగా బండి తోసుకొచ్చిన కాంటీన్ యజమాని "నా టీ ఇంకా వేడి!" అని అరిచాడు. తోటమాలి పైపు ఎక్కుపెట్టాడు. ఈలలు విని పరుగెత్తుకొచ్చిన ప్రిన్సిపాల్ సరిగ్గా వానకి ఎదురొచ్చారు.

"ఆపవయ్యా!" అని గావుకేక పెట్టారు లెక్చరర్‌గారు.

"మీరన్నా ఆపొద్దన్నారు కదండీ," అన్నాడు తోటమాలి.

"అది నిన్న! ఇవాళ నిజంగా చెబుతున్నాను!"

"నిన్నా నిజంగానే చెప్పారండీ."

ప్రిన్సిపాల్ వణుకుతూ కుర్చీలో కూలబడబోతే, వాచ్‌మన్ కుర్చీ కూడా లాక్కుపోయాడు. "రూలు అందరికీ ఒకటేనండీ," అన్నాడు వినయంగా.

తోటమాలి చేతిలోంచి పైపు ఊడబెరికేసరికి లెక్చరర్‌గారు నిలువునా తడిశారు. చుట్టూ చూస్తే విద్యార్థులు లేరు. టీ కెటిల్ పట్టుకుని, ప్రిన్సిపాల్‌ని కూడా వెంటబెట్టుకుని దగ్గర్లో ఉన్న పొడి గదిలోకి దూరిపోయారు. అది మేడమ్ క్లాసు. కాంటీన్ యజమానితో రాజీపడి, ఆయన బండీ లోపలికి తోయించారు. ముందు బెంచీలో ప్రిన్సిపాల్ వేడి టీ తాగుతుంటే, ఒకమ్మాయి చెబుతోంది:

"రూలు, వాన, పోటీ మా చేతిలో లేవండి. చోటు మార్చుకోవడం, పోటీదారుతో కలవడం మా చేతిలో ఉన్నాయి."

"అద్భుతం మేడమ్! పాఠమంటే ఇదీ!" అన్నారు ప్రిన్సిపాల్.

గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడ్డ లెక్చరర్‌గారు లోపలే లెక్క వేసుకున్నారు. పైపు తనది, తిట్లు తనవి, పాఠం మాత్రం ఆవిడది!

మేడమ్ లేచింది. "నాది కాదండీ, సార్ పాఠం. నేను పుస్తకంలో ఉన్నది చెప్పానంతే. ఫైనలియర్ సార్‌కే ఇవ్వండి. సార్ ఒప్పుకుంటే రేపట్నించి నేనూ ఆ క్లాసులో కూర్చుంటాను."

ప్రిన్సిపాల్ తలూపారు. లెక్చరర్‌గారికి లోపల తిట్టుకోవడానికైనా ఆవిడ ఏమీ మిగల్చలేదు. ఆయనకి సిగ్గేసింది.

మర్నాడు ఆయన క్లాసు కిటికీలదాకా నిండింది. పిల్లలందరూ గొడుగులు తెచ్చుకున్నారు. ఎందుకైనా మంచిదని ఆయనా ఒకటి తెచ్చుకున్నారు.

చివరి బెంచీలో మేడమ్ గొడుగు మాత్రం ఆయనకి తన గొడుగు కంటే పెద్దదిగా కనిపించింది.