మూడో మలుపు దగ్గర టమోటా గోడ

పుంగనూరు నుంచి సోమల పోయే దోవలో, నిన్నటిదాకా మేకలు మేసిన గుట్ట కింద, అంతర్జాతీయ ప్రమాణాలతో కట్టిన మోటార్‌సైకిల్ రేస్ ట్రాక్‌ను మంత్రిగారు జాతికి అంకితం చేశారు. జాతి ఆ పూట పెద్దగా రాలేదు. ఎండ ఎక్కువగా ఉండింది. వచ్చినవాళ్లు మాత్రం షామియానా కింద మజ్జిగ ప్యాకెట్లు చేతపట్టుకుని శ్రద్ధగా విన్నారు.

"వేగమే అభివృద్ధి!" అన్నారు మంత్రిగారు. "మన పిల్లోళ్లు ఇంక బెంగళూరు హైవే దాకా పోయి పడాల్సిన పనిలేదు. ఆ సౌకర్యం ఇప్పుడు మన ఊర్లోనే కల్పించినాం."

అందరూ చప్పట్లు కొట్టారు. మదనపల్లె నుంచి బస్సులో వచ్చిన ఫ్లోరమ్మ ఒక్కతే కొట్టలేదు. ఆమెకు చప్పట్లంటే పడక కాదు. రెండు చేతులతో గుండె పట్టుకుని ఉండింది, అందుకని.

ఫ్లోరమ్మ ఎనిమిది దాకా చదివి, కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. ఆమెకున్నది ఒకే కొడుకు, శాలేము రాజు. వాడు స్నానానికి పోయి కాస్త ఆలస్యమైతే చాలు, బాత్రూం తలుపు కొట్టి "రాజూ, ఉండావా?" అని అడుగుతుంది. లోపలినుంచి "ఉండాను" అని జవాబు వస్తే, గొంతు మారినట్టుండాదే, జలుబేమో అని ఇంకో దిగులు మొదలవుతుంది. అటువంటి తల్లికి పుట్టినవాడు పుంగనూరులో బండ్ల మెకానిక్కు అయ్యాడు. అది చాలదని ట్రాక్ వాళ్ల 'లోకల్ రైడర్ కోటా'లో సెలెక్టయ్యాడు.

ఆ ట్రాక్‌కు అందమంతా మూడో మలుపులోనే ఉంది. అక్కడ శాంతిపురం నల్లరాతితో నున్నగా పాలిష్ పెట్టిన గోడ కట్టారు. రాయి ఇచ్చింది పార్టీ కార్యకర్తే కాబట్టి రాయి మంచిదే అయివుంటుందని అందరూ నమ్మారు. ఆ గోడలో మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. ట్రయల్ రన్‌లో కుప్పం నుంచి వచ్చిన ఇద్దరు, గుడుపల్లె నుంచి వచ్చిన ఒకడు, ఆ ముఖాన్ని మరీ దగ్గరగా చూసుకున్నారు. ఒకడికి చెయ్యి, ఒకడికి కాలు, ఒకడికి మెడకింది ఎముక. సాయంత్రం పత్రికా ప్రకటన వచ్చింది: 'ముగ్గురు రైడర్లు షెడ్యూలు కంటే ముందే వాహనం దిగారు. గోడపై ఒక్క గీతైనా పడలేదు. నాణ్యతకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.'

మరునాడే ఫ్లోరమ్మ పక్కింటి చెంగమ్మను తోడు తీసుకుని ట్రాక్ ఆఫీసుకు పోయింది. అక్కడ స్పెషల్ ఆఫీసర్ దామోదర్ గారు ఏసీ గదిలో భద్రత గురించి ఆలోచిస్తూ కళ్లు మూసుకుని ఉన్నారు.

"సార్, వచ్చే శనివారం మా వాడు ఈడ తోలతాండాడు సార్. ఆ గోడ ముందర మెత్తంది ఏమన్నా పెట్టించండి సార్. పాత టైర్లో, గడ్డిమోపులో."

"చూడమ్మా, పాత టైర్లు పెడితే ట్రాక్ పాతదనుకుంటారు. గడ్డి పెడితే అది పశుసంవర్ధక శాఖ కిందికి పోతుంది."

"అయితే నా కొడుకు ఏ శాఖ కిందికి వస్తాడు సార్?"

దామోదర్ గారు కళ్లు తెరిచారు. మంచి ప్రశ్న అడిగితే ఆయనకు ముచ్చట.

"పడకముందు క్రీడల శాఖ. పడినాక ఆరోగ్య శాఖ. మధ్యలో గాల్లో ఉంటాడు చూడండి, ఆ కాసేపటికి ఇంకా జీవో రాలేదు."

"వచ్చేదాకా గాల్లోనే ఉంటాడా సార్?" అని అడిగింది చెంగమ్మ.

"ఫైలు మీద మూవ్‌మెంట్ ఉంది," అన్నారు దామోదర్ గారు, మళ్లీ కళ్లు మూసుకుంటూ.

ఇంటికొచ్చి ఫ్లోరమ్మ రెండు దిండ్లు విప్పి, ఆ దూదంతా కొడుకు ప్యాంటులో, చొక్కా మోచేతుల్లో కుట్టేసింది. శాలేము రాజు అది తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "అమ్మా, నేను రేసుకు పోతాండానా, పరుపులు అమ్మేదానికి పోతాండానా?" అన్నాడు. ఫ్లోరమ్మ నవ్వలేదు. వీపు వైపు దూది చాల్లేదే అని చూస్తూ ఉండింది.

ఇంతలో దేవుడి దయవల్ల మదనపల్లెలో టమోటా రేటు పడిపోయింది.

క్రేటుకు కూలి డబ్బులు కూడా రావడం లేదని రైతులు మార్కెట్ యార్డు ముందర రోడ్డు మీద టమోటాలు పారబోసి ధర్నాకు కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే మంత్రిగారి కాన్వాయ్ వచ్చింది. డ్రైవరు బ్రేకేశాడు. బండి ఆగలేదు. ఎర్రగా, మెల్లగా, నెయ్యి మీద గరిటె జారినట్టు జారుతూ పోయి టమోటాల కుప్పలో కూరుకుని ఆగింది. మంత్రిగారికి కండువా కూడా నలగలేదు. ఆయన అద్దం దించి ఆ కుప్పను చాలాసేపు తదేకంగా చూశారు. గొప్పవాళ్లకు ఆలోచనలు ఇట్లాగే వస్తాయట.

అదే రోజు సాయంత్రం ప్రకటన: మూడో మలుపులో దేశంలోనే మొట్టమొదటి సేంద్రియ రక్షణ గోడ. ప్రభుత్వమే టమోటాలు కొంటుంది. నల్లరాతి గోడ ముందర క్రేట్లు పేరుస్తుంది. "రైతుకు గిట్టుబాటు, రైడర్‌కు మెత్తబాటు!" అన్నారు మంత్రిగారు.

ఫ్లోరమ్మ పోయి చూసింది. మనిషెత్తు క్రేట్లు, వాటి నిండా మాగిన టమోటాలు, పైన మంత్రిగారి ఫ్లెక్సీ. ఆమె వేలితో ఒక కాయ నొక్కి చూసింది. చాన్నాళ్లకు ఊపిరి పూర్తిగా వదిలింది.

"ఇంకేమక్కా, నీ కొడుకు పడినా పప్పులో పడినట్టే," అంది చెంగమ్మ.

"కాయ మెత్తగానే ఉండాది చెంగమ్మా. క్రేటు అంచు తగిలితేనో? చర్మం గీసుకుపోతే ఆ పులుపుకు మండదా?"

"నీకు స్వర్గం ఇచ్చినా ఆడ మెట్లు జారతాయని కూర్చుంటావు పో!"

శుక్రవారం పొద్దున చెంగమ్మ కూరగాయల సంచి ఖాళీగా ఊపుకుంటూ వచ్చింది. "అక్కా, తమిళనాడు పక్క తోటలన్నీ వానకు పోయినాయంట. టమోటా అడిగితే అంగడాయన నా ముఖం ఎగాదిగా చూసినాడు. కిలో కాదు, కాయ లెక్కన అమ్ముతాండాడు."

ఊరంతా రసం గురించి దిగులుపడింది. ఫ్లోరమ్మ మూడో మలుపు గురించి దిగులుపడింది. గోడ ఉంటుందా? రాత్రికే లారీ వచ్చి ఎత్తుకుపోదా? మళ్లీ ఆ నల్లరాయి బయటపడదా?

శనివారం రేసు మొదలుకాకముందే ఆమె ట్రాక్ దగ్గరికి చేరుకుంది. గోడ ఉంది! ఉండటమేంటి, దాని ముందర ఇనుప బారికేడ్లు, తాడు, నాలుగు దిక్కులా కెమెరాలు, లాఠీలతో పోలీసులు. ఒక కాయైనా కదిలిన జాడ లేదు. ఫ్లోరమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎస్సై రెడ్డెప్ప దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"సల్లగుండు నాయనా. నా బిడ్డ కోసరం ఇంతమందిని నిలబెట్టినారే!"

"నీ బిడ్డ ఎవరమ్మా?"

"రైడరు నాయనా, శాలేము రాజు."

"ఓ, వాడా! వానికి చెప్పుమ్మా, ఈ పక్కకు వచ్చినాడంటే లోపలేస్తాం. ఈ సరుకు రేటు తెలుసునా నీకు? బండి పడితే బండికి ఇన్సూరెన్సు ఉంటాది. టమోటాకు యాడుండాది?"

అప్పుడే మైకులో దామోదర్ గారి గొంతు వినిపించింది. సరుకు ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి. క్రీడల శాఖ కొన్నది, మార్కెటింగ్ శాఖ అమ్మాలి, ఫైలు ఆ రెంటి మధ్యన ఉంది. కాబట్టి మూడో మలుపులో రైడర్లందరూ నడక వేగంతోనే పోవాలి. గోడను తాకినా, తాకే ఉద్దేశంతో చూసినా, ప్రభుత్వ ఆస్తికి నష్టం కింద కేసు పెడతారు.

రేసు మొదలైంది. బండ్లు రయ్యిమని వచ్చి, మూడో మలుపు దగ్గర పెండ్లి ఊరేగింపు మాదిరి నెమ్మదించాయి. కాళ్లు నేల మీద ఆనించి ఒకరెనక ఒకరు జరుగుతూ పోయారు. కుప్పం నుంచే వచ్చిన ఇంకొకడు ట్రయల్ రన్‌లో పడ్డవాళ్లను తలుచుకున్నాడో, కేసును తలుచుకున్నాడో, ఏకంగా దిగి బండిని తోసుకుంటూ పోయాడు. గ్యాలరీలో ఈలలు. "అన్నా, పక్కన స్టాండు ఏసుకో, టీ తాగిపోదువు!" అని ఎవరో అరిచారు. శాలేము రాజు దూది ప్యాంటులో చెమటలు కక్కుతూ పోలీసులకు నమస్కారం పెట్టి మరీ మలుపు దాటాడు.

ఆ ట్రాక్ చరిత్రలో ఫ్లోరమ్మ చప్పట్లు కొట్టింది ఆ రోజే.

ఎవరూ పడలేదు. ప్రమాదాలే లేని రేస్ ట్రాక్‌గా దీన్ని ప్రపంచం గుర్తించాలని మంత్రిగారు కోరారు.

"ఇది రేసా అమ్మా? కుంటి గాడిద కూడా దాటేసి పోతాది!" అని శాలేము రాజు హెల్మెట్ విసిరికొట్టాడు. "వచ్చే శనివారం ఫైనల్ ఉండాది. అప్పటికి ఈ టమోటాల పీడ పోతాదిలే. అప్పుడు సూడు నా జోరు!"

ఫ్లోరమ్మ గుండె మళ్లీ చేతుల్లోకి వచ్చింది. గబగబా ఎస్సై దగ్గరికి పోయింది. "నాయనా, వచ్చే వారం కూడా మీరు ఉంటారు కదా?"

"రేటు ఇట్లే ఉంటే ఉంటామమ్మా. దిగిందంటే మాకేం పని? ఎవురు యాడ గుద్దుకున్నా మాకు సంబంధం లేదు," అన్నాడు రెడ్డెప్ప, తాడు ముడి ఇంకోసారి బిగిస్తూ. "అయినా కుప్పం పక్క కోతలు మొదలైనాయంట."

మరునాడు ఆదివారం. గుడిలో ఆరాధన చివర్న పాస్టరుగారు ప్రార్థన అవసరాలు ఎవరికైనా ఉంటే చెప్పమన్నారు. రెబెకా లేచి మోకాళ్ల నొప్పి అంది. శాంతకుమారి లేచి కూతురి ఉద్యోగం అంది. తర్వాత ఫ్లోరమ్మ ముసుగు సర్దుకుని లేచింది.

"టమోటా రేటు దిగకూడదని ప్రార్థన చేయండి అయ్యగారూ."

గుడి మొత్తం వెనక్కి తిరిగి ఆమెను చూసింది. ఆ పొద్దున చింతపండు చారుతో సరిపెట్టుకుని వచ్చిన ఆడవాళ్లు మరీ కోపంగా చూశారు. పాస్టరుగారు ప్రార్థనకని కళ్లు మూసుకున్నారు.

చివరి బెంచీలోనుంచి, సోమల నుంచి వచ్చిన రైతు ఒకాయన గట్టిగా అన్నాడు:

"ఆమేన్!"