గట్టు మీద సన్మానం

ఒక పెద్ద అడవిలో తాగే నీళ్లకు మడుగు ఒక్కటే, కమిటీలు మాత్రం బోలెడు. వాటిలో ఒక కమిటీ పనల్లా, స్థానిక పాలన మీద వచ్చిన ఉత్తమ పరిశోధనకు ఏటా శాలువా కప్పడం.

ఈసారి ఆ శాలువా ఏదుపంది ముకుందానికి వచ్చింది. వానాకాలమంతా మడుగు గట్టును తట్టి చూసి, తవ్వి చూసి, లోపలంతా ఎలుకల బొరియలతో గుల్లయిపోయిందనీ, ఏనుగులు ఎక్కితే తెగడం ఖాయమనీ లావుపాటి నివేదిక రాశాడు. కమిటీ ఆ లావు చూసి ముచ్చటపడింది.

ఆహ్వానం చూడగానే ముకుందం భార్య కాంతమ్మ మొహం చిట్లించింది.

"సభ గట్టు మీదంట. అధ్యక్షులు గజపతిగారు బంధువులందరితో వస్తారంట. ఏనుగులు ఎక్కకూడదని రాసింది మీరేగా?"

"రాశాననుకో..." అని నసిగాడు ముకుందం. అయినా మనసు ఊరుకోక కార్యదర్శి నక్క దగ్గరికి వెళ్లాడు.

"వేదిక కాస్త మారిస్తే బాగుంటుందేమోనండీ."

"మార్చొచ్చు," అంది నక్క తీరిగ్గా. "అభ్యంతరం రాసివ్వండి, ఉపసంఘం వేస్తాం. సన్మానం వచ్చే ఏడాదికి పోతుంది. అప్పటికి ఎవరిది ఉత్తమమవుతుందో మరి."

ముకుందం అభ్యంతరం రాయకుండానే వెనక్కి తిరిగాడు. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో శాలువా ఎరిగినవాడు లేడు. ఒక్క పూటకు గట్టు ఆగకపోతుందా అనుకున్నాడు.

సభ రోజు ఏనుగులు వరసగా గట్టెక్కాయి. భయంతో ముకుందం ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. కప్పిన శాలువా వాటికి తగులుకుని చిరుగుతుంటే సభంతా చప్పట్లు కొట్టింది. గజపతి గొంతు సవరించుకున్నాడు.

"ఇంత గొప్ప నివేదికను ప్రతి ఒక్కరూ చదివి తీరాలి. ముఖ్యంగా..."

ముఖ్యంగా ఎవరో తేలకముందే గట్టు తెగింది. వేసవికని దాచుకున్న నీళ్లన్నీ లోయలోకి పోయాయి. అధ్యక్షులవారు చెవులదాకా బురదలో దిగబడ్డారు. ఖాళీ మడుగు ముందు పిల్లలతో నిలబడిపోయిన జింకలను చూసి ముకుందం సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇలా అవుతుందని ముందే ఒక్కరైనా చెప్పొద్దా?" గజపతి మండిపడ్డాడు.

"చెప్పారండీ," అంది నక్క మూతికి అంటిన బురద తుడుచుకుంటూ. "అందుకేగా ఈ సన్మానం."

గట్టు ఎందుకు తెగిందన్నదే వచ్చే ఏటి పరిశోధనాంశమని కమిటీ ఆ సాయంత్రమే ప్రకటించింది. కాంతమ్మ చిరిగిన శాలువాను జోలెగా కట్టి, గట్టుకు మట్టి మొయ్యమని మొగుడి చేతికిచ్చింది.

ఇందులో నీతి కావాలనేవాళ్లకు: సన్మానించేవాళ్లు నివేదిక చదవకపోయినా పరవాలేదు, రాసినవాడైనా దాన్ని నమ్మాలి.