బెల్లం పెనంలో విదేశీయుడు

ఇల్లూ ఊరూ లేనివాడే అదృష్టవంతుడు! నమ్మరా? పుంగనూరు లక్ష్మీపతి కూడా మొదట నమ్మలేదు.

రెండువేల మూడు ఎండాకాలంలో కుప్పంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆయనకు జ్ఞానోదయమైంది. మేనల్లుడు దామోదర్ విదేశాల్లో ఒక షావుకారు షికారు పడవలో వంటవాడు. తిండీ నిద్రా పడవలోనే. ఈ నెల ఒక దేశం రేవులో ఉంటే, వచ్చే నెల మరో దేశం రేవులో.

"నేను ఏ దేశంలోనూ ఎక్కువ దినాలు ఉండను గదా మామా, యాడా ట్యాక్స్ పడదంట. మా ఆడిటరు చెప్పినాడు" అన్నాడు దామోదర్, పాయసం జుర్రుతూ.

ఆడిటర్ చెప్పినదాంట్లో దామోదర్‌కు సగం అర్థమైంది. అందులో సగం లక్ష్మీపతికి అర్థమైంది. మనిషి బాగుపడడానికి ఆ పావు చాలదా?

ఆయన ఇంట్లో కొళాయి ఉంది. కొళాయికి పన్ను ఉంది. నీళ్ళు మాత్రం లేవు! శనివారంలోగా పన్ను కట్టకపోతే కొళాయి పీకేస్తామని మున్సిపాలిటీ కబురు పెట్టింది. పీకితే పీకనీ అంటారా? ఆయన భార్య వెంకటరత్నమ్మ శుక్రవారం శుక్రవారం ఆ కొళాయికి పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మ తల్లి ఎప్పటికైనా అందులోంచి దిగివస్తుందని చెంబు పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పీకేస్తే ఆవిడ ఎవరికి మొక్కాలి? పన్ను కట్టకూడదు, కొళాయి పోకూడదు. ఇక దారి ఒక్కటే. పడవ!

మన మెట్టసీమలో పడవ ఎక్కడిది? పెద్దపంజాణిలో ఉన్న బావమరిది దగ్గర బెల్లం వండే పెనం ఉంది. అందులో మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. చెరకు ఎండిపోయిన ఏడాది పెనానికి మాత్రం ఏం పని? దాన్ని ట్రాక్టర్ మీద తెప్పించి, ఈ దేశపు మట్టి తగలకుండా వాకిట్లో మూడు రాళ్ళ మీద నిలిపాడు. రాహుకాలం దాటాక టెంకాయ కొట్టి, చెప్పులు విడిచి ఎక్కాడు.

ఎంత సుఖమో చూశారా! సున్నం కొట్టించే పని లేదు. చుట్టాలు వచ్చి దిగరు. సముద్రపు దొంగలు ఉన్నారనుకోండి. పాత బెల్లం వాసనకు చీమలు నాలుగు వైపులా ముట్టడించాయి. అయినా నావికుడన్నవాడు గోక్కుంటూనే ముందుకు సాగాలి!

"ఏమయ్యా, సంగటి యాడ తింటావు?" అని అడిగింది వెంకటరత్నమ్మ.

"ఈడికే అందియ్యి. కాలు కింద పెడితే ఈ దేశమోణ్ణి అయిపోతా!"

శనివారం బిల్ కలెక్టర్ చిన్నస్వామి రానే వచ్చాడు.

"లక్ష్మీపతన్నా, నీళ్ళ పన్ను!"

"నేను ఈడ లేనప్పా. విదేశంలో, పడవ మీద ఉండాను."

చిన్నస్వామి పెనం చుట్టూ తిరిగాడు. వంగి కిందికి తొంగి చూశాడు. "పడవంటాండావు, నీళ్ళు యాడుండాయన్నా?"

"నువ్వు పన్ను అడుగుతాండావే, ఆ నీళ్ళు యాడుండాయో ఈ నీళ్ళూ ఆడే ఉండాయి!"

చిన్నస్వామి సంచి దించి, చెప్పులు విడిచాడు.

"రవంత జరుగన్నా. మా కొళాయీ మీ సందులోదే."

విదేశీయులిద్దరూ మోకాళ్ళు ముడుచుకుని చీమలు దులుపుకుంటున్న ఆ శుభ ఘడియలో సందు మొదట్లో హారన్ మోగింది.

"ట్యాంకరొచ్చిండాది! దిగండయ్యా, బిందెలు పట్టండి!" అని వెంకటరత్నమ్మ కేక.

విదేశయాత్ర అక్కడితో ముగిసింది. చిన్నస్వామి ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి లక్ష్మీపతి చెప్పు వేసుకుని పరుగెత్తాడు. లక్ష్మీపతి చెప్పుల జోలికే పోలేదు. పడవ ఒక పక్కకు ఒరిగింది.

అయ్యా ఆడిటర్లూ! మనిషి ఏ ఊరివాడో తేల్చడానికి రోజులు లెక్కపెట్టకండి. వాడి బిందె ఏ క్యూలో ఉందో చూడండి. వాడిది ఆ ఊరే. పన్నూ అక్కడే అడగండి.

కాకపోతే, బిందె నిండాక అడగండి!