అంగుళం తక్కువ తలుపు

ఆ రోజు ఇంట్లో నాన్న, నాన్నమ్మ, కొత్త తలుపు బిగించడానికొచ్చిన వడ్రంగి బాబాయి, నేను ఉన్నాం. మాతోపాటు అడుగులు, సెంటీమీటర్లు కూడా ఉన్నాయి. ఈ రెండు కొలతలూ ఒకే ఇంట్లో కాపురముండటం మనుషుల అదృష్టమని నా గట్టి నమ్మకం!

నవ్వకండి. బడిలో కొలిస్తే నా ఎత్తు నూట యాభై రెండు. ఇంటికొస్తే అయిదు! గొప్పగా అనిపించాలంటే సెంటీమీటర్లలో చెప్పుకుంటాను, బస్సులో సగం టికెట్టు కావాలంటే అడుగుల్లో. ఒకే కొలతున్న లోకంలో ఈ సౌకర్యం దొరుకుతుందా? టీవీ అంగుళాల్లో, అది తగిలించే గోడ అడుగుల్లో, దాని వైరు మీటర్లలో. అయినా బొమ్మ రావడం లేదూ?

అసలు లాభం వేరే. పొరపాటు జరిగితే అది ఎవరిదీ కాదు!

నా గదికి ఇన్నాళ్లూ కర్టెనే. నాన్నమ్మ ఎప్పుడు పడితే అప్పుడొచ్చి, "ఏం రాస్తున్నావే, నా గురించేనా?" అని డైరీలోకి తొంగి చూస్తుంది. (ఆమె గురించే.) అందుకే లోపల గడియ ఉన్న తలుపు కావాలని ఏడాదిపాటు నస పెట్టి పెట్టి నాన్నని ఒప్పించాను.

కొలిచింది నేనే. నూట తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. నాన్న ఫోన్లో నొక్కితే ఆరు పాయింట్ అయిదు అడుగులని వచ్చింది. చీటీ మీద అలాగే రాసిచ్చారు. బాబాయి దాన్ని ఆరడుగుల అయిదంగుళాలని చదివాడు. తలుపు అంగుళం పొట్టిదైంది. పై గడియ గుమ్మానికి అందక గాలిలో వేలు చూపిస్తోంది.

గొడవేమైనా జరిగిందా? లేదు! చీటీలో ఉన్నదే చేశానన్నాడు బాబాయి. ఫోన్ చూపిందే రాశానన్నారు నాన్న. ఫోన్ నోరు మెదపలేదు. గాలి బాగా ఆడుతుందని నాన్నమ్మ తలుపుని తెగ మెచ్చుకుంది.

తలుపు పొట్టిదా, గుమ్మం పొడుగుదా తేల్చడానికి నాన్నా, బాబాయీ ఇద్దరూ నా గదిలోనే కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఉన్న ధైర్యమంతా కూడదీసుకున్నాను.

"నాన్నా, అడుగుకి పన్నెండంగుళాలు కదా. పాయింట్ అయిదంటే అందులో సగం. అంటే ఆరంగుళాలు."

ఎవరూ తల తిప్పలేదు. రెండోసారి కాస్త గట్టిగా అన్నాను.

"లెక్కలు మేం చూసుకుంటాంలే. నువ్వెళ్లి బాబాయికి మంచినీళ్లు పట్రామ్మా" అంటూ నాన్న లేచొచ్చి, నా తలుపు నా ముఖం మీదే వేశారు. గడియ పడదు కదా, లోపలినుంచి నా కుర్చీ అడ్డం పెట్టుకున్నారు.