ఫంక్షన్ లోపల బతికిన మాస్టారు

మనిషి బతికి ఉండడానికి ఊపిరి అవసరమే గానీ, అదొక్కటే చాలదని పౌర నమోదు కార్యాలయం ఏనాడో తేల్చింది.

రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఆ సంగతి కంటి ఆసుపత్రిలో తెలిసింది. గురువారం ఆయన ఎడమ కంటికి శుక్లం ఆపరేషను. కుడి కన్ను ఎప్పుడో పోయింది. సోమవారం కౌంటరులోని అమ్మాయి కార్డు చూసి, తెర చూసి, ఆయన్ను చూసి, "మీరు పోయిన నెలే పోయారండీ," అంది మర్యాదగా. పక్క వీధిలో అదే పేరుగల ఇంకొకాయన కాలం చేస్తే, ఆ మరణం వచ్చి మాస్టారి పేరు మీద పడింది. (పోయినాయన రికార్డులో నిక్షేపంగా ఉన్నారు.) ఈ గురువారం తప్పితే ఆపరేషను మళ్లీ ఏడు నెలలకు.

మాస్టారు తడుముకుంటూ నమోదు కార్యాలయానికి వెళ్లి సెక్షన్ ఆఫీసరు ఎదుట నిలబడ్డారు.

"నేను బతికే ఉన్నానండీ."

"కనిపిస్తూనే ఉన్నారు మాస్టారూ. నాకు కనిపించడం వేరు, రికార్డుకి కనిపించడం వేరు."

రికార్డును చేత్తో దిద్దడం అప్పటికి నెల రోజులుగా నిషిద్ధం. చేతి దిద్దుబాట్ల నివారణ ఉత్తర్వు ప్రకారం, ప్రతి తప్పునూ సెక్షన్ సిబ్బందే ప్రోగ్రాము రాసి సరిచేయాలి. ఆ సెక్షన్లో సిబ్బంది అంటే రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్న పెద్ద గుమస్తా ఒక్కతే. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది కనుక అందరూ ఫైలమ్మ అంటారు. ఆమెకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. మూడో రోజు శిక్షకుడు రాలేదు గానీ, ఆయన హాజరు వచ్చింది.

మంగళవారమంతా కూర్చుని ఫైలమ్మ ఒక ఫంక్షన్ రాసింది. ఫంక్షనంటే ఒక పనికి పేరు పెట్టి, ఆ పేరు పిలిచినప్పుడల్లా పని చేయించుకోవడం. దాని లోపల "స్థితి = సజీవుడు" అని రాసి నడిపితే, తెర మీద "సజీవుడు" అని పడింది.

"మాస్టారూ, బతికారు!"

మాస్టారు బెంచీ మీద నుంచి లేచారు. ఫైలమ్మ రికార్డు తెరిచింది. మృతుడు. మళ్లీ నడిపింది. ఫంక్షన్ లోపల సజీవుడు, బయట మృతుడు. సాయంత్రానికి ఆయన్ను పదకొండుసార్లు బతికించింది. పదకొండుసార్లూ ఆయన లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

"లోపల బతికే ఉన్నారుగా," అన్నాడు ఆఫీసరు సంతృప్తిగా. "సగం పని అయినట్టే."

బుధవారం ఉదయం ఫైలమ్మకు శిక్షణ పుస్తకం చివర్లో "గ్లోబల్" అనే మాట దొరికింది. అది తగిలిస్తే లోపలి మార్పు బయట కూడా చెల్లుతుందట. తగిలించింది. చెల్లింది. మాస్టారితో కలిపి పోయిన నెల మృతుల జాబితాలోని మూడు వందల పన్నెండు మందికీ చెల్లింది. వారందరి ఇళ్లకూ కార్యాలయం నుంచి దానంతటదే సందేశం వెళ్లింది: "మీరు సజీవులని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. వారంలోగా స్వయంగా హాజరు కాగలరు."

గంటలో ఒక దర్జీ భార్య ఫోను పట్టుకుని వచ్చింది. "మా ఆయన్ని రమ్మన్నారు. ఎలా వస్తాడండీ?"

"రాలేకపోతే కారణం రాసివ్వండమ్మా," అన్నాడు ఆఫీసరు.

ఆమె కలం అందుకుంది. "చనిపోయినందున" అని రాసింది. ఆఫీసరు సబబైన కారణమేనని సంతకం పెట్టాడు.

ఫైలమ్మ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. మధ్యాహ్నానికి నిన్నటి నకలు తెచ్చి రికార్డులన్నీ మునుపటిలా పెట్టేశారు. మాస్టారు మిగతావారితో పాటు రెండోసారి పోయారు.

ఫైలమ్మ వరండాలోకి వెళ్లి కోడలికి ఫోను చేసింది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆ పిల్లను ఆమె సలహా అడగడం అదే మొదలు. కోడలిది కంప్యూటరు ఉద్యోగం.

"అత్తయ్యా, మీరు వంటింట్లో కూరకి ఉప్పు సరిచేసి, గిన్నె అక్కడే వదిలేసి వచ్చారు. బయట బల్ల మీదున్నది పాత చప్పిడి కూరే."

"మరి గ్లోబలో?"

"ఇంట్లో ఉన్న గిన్నెలన్నిట్లో ఉప్పు కుమ్మరించారు."

"నీ వంటకి వంక పెడతానని ఇలా అంటున్నావా?"

"అయ్యో, కాదు! 'రిటర్న్' అని రాయండి. అంటే గిన్నె పట్టుకుని బయటికి రావడం. వచ్చాక మాస్టారి కంచంలో మాత్రమే వడ్డించండి."

ఫైలమ్మ అలాగే రాసింది. ఫంక్షన్ "సజీవుడు" అనే మాటను బయటికి తెచ్చింది. దాన్ని మాస్టారి పేరు ఎదుటే పెట్టి, ఊపిరి బిగబట్టి రికార్డు తెరిచింది. సజీవుడు. మిగతా మూడు వందల పదకొండు మంది ఎక్కడివారక్కడే ఉన్నారు. ఈసారి మాస్టారు లేవలేదు. "నువ్వు ఇంకోసారి చూడమ్మా," అన్నారు.

గురువారం ఆపరేషను జరిగింది. పది రోజుల తర్వాత మాస్టారు నల్ల కళ్లద్దాలతో వచ్చి, తెర మీద తన పేరు తానే చదువుకున్నారు.

"ఇందులో ఒత్తు పోయిందమ్మా."

ఫైలమ్మ కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"వద్దు తల్లీ! ఒత్తు లేకుండానే బతుకుతాను."

ఈ ఉదంతాన్ని కార్యాలయం తీవ్రంగా పరిగణించి కొత్త ఉత్తర్వు వెలువరించింది. ఇకపై బతికి ఉన్నవారందరూ మూడు నెలలకొకసారి ఇద్దరు సాక్షులతో వచ్చి ఆ విషయం రుజువు చేసుకోవాలి. చనిపోయినవారు రానక్కరలేదు, వారి మాట మీద కార్యాలయానికి పూర్తి నమ్మకముంది.