థర్డియర్ దొంగ కోసం పెటిబోన్ వల

"డెల్బర్ట్! ఈ కాలేజీ మొత్తానికి నేర పరిశోధన చేయగల బుర్ర ఒక్కటే ఉంది. అది నా మెడ మీదుంది," అని ప్రకటించాడు థర్మన్ పెటిబోన్, సాక్సు చిరుగులోంచి బొటనవేలు ఆడిస్తూ.

ఆ బుర్రతో రెండేళ్లుగా ఒకే గదిలో కాపురం చేస్తున్న పాపిని నేను.

"మళ్లీ ఏమైందిరా?"

"ఘోరం! లుసిండా హావర్టీ మనతోపాటే చేరిందా? మనం సెకండియరా? మరి ఆ పిల్ల థర్డియర్ వాళ్లతో కలిసి గది ఎంచుకుంటుందట! దీని వెనక పెద్ద ముఠా ఉంది!"

మా కాలేజీ హాస్టళ్లలో వచ్చే ఏడాది గదుల్ని పై ఇయర్ల వాళ్లు ముందు ఏరుకుంటారు. మిగిలింది కిందివాళ్ల మొహాన కొడతారు. లుసిండా రూమ్మేట్ తెల్లారకముందే బాకా సాధన చేస్తుంది. ఉన్న ఒక్క ఒంటిగదీ దక్కకపోతే చదువు మానేస్తానని లుసిండా ఏడ్చింది కూడా.

"ఒరేయ్, ఇక్కడ ఇయరంటే..."

"నోర్ముయ్! పరిశోధకుడికి పాఠాలా?"

"పోనీ, ఆ పిల్లనే అడగొచ్చుగా?"

"అడగడం చేతకానివాళ్ల పని!"

శనివారం జిమ్‌లో గదుల ఎంపిక. మహానుభావుడు మా ఆటల జట్టు చిహ్నమైన ఎలుగుబంటి వేషంలో దిగాడు. ఎవరి కంటా పడకూడదనట! హాలంతా వాణ్ణే చూసింది.

లుసిండా ఐడీ కార్డు తీసి, గదులు నమోదు చేసే యంత్రమున్న బల్ల దగ్గరికి రాగానే, "ఆగవే మాయలాడీ!" అని దూకాడు. బొచ్చు పాదాలు తడబడి బల్ల మీద బోర్లాపడ్డాడు. మెడలో వేలాడే వాడి కార్డు సరిగ్గా ఆ యంత్రానికి తగిలింది. గోడ మీది పెద్ద తెర వెలిగింది: 'థర్మన్ పెటిబోన్. ఫస్టియర్. మీ వంతు ఇంకా రాలేదు.'

హాలు పగలబడి నవ్వింది.

"అన్యాయం! నేనొచ్చి రెండేళ్లయింది!" అని అరిచింది ఎలుగుబంటి.

"ఎన్నేళ్లు ఇక్కడ తిన్నావని కాదు నాయనా, ఎన్ని సబ్జెక్టులు పాసై ఎన్ని క్రెడిట్లు గడించావని లెక్క," అంది లుసిండా. "నేను హైస్కూల్లోనే కాలేజీ సబ్జెక్టులు కొన్ని పాసయ్యాను. వేసవుల్లో మరికొన్ని. నువ్వేమో దొంగల వెంటపడి ఉన్నవన్నీ తప్పావు."

ఆ మాట అనేసి, ఒంటిగది ఎంచుకుని యంత్రానికి తన కార్డు ఆనించింది. తెర ఆమె పేరు చూపించగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

పెటిబోన్ మాత్రం ఎలుగుబంటి తలకాయ చంకలో పెట్టుకుని గర్వంగా నా దగ్గరికొచ్చాడు.

"తనది కాని ఇయర్ చెప్పుకు తిరిగే మోసగాడొకడు ఇక్కడున్నాడని పసిగట్టానా లేదా? అందరి ముందూ పట్టించానా లేదా?"

కాదనలేకపోయాను. ఇన్నాళ్లకు వెధవ సరైన మనిషినే పట్టుకున్నాడు.